ఆరు చందమామల పొడవు

నవంబరు 15, శనివారం
ఫోన్లో చూశాను. మన పక్కనున్న గెలాక్సీ, పేరు ఆండ్రోమెడా. ఆకాశంలో ఆరు నిండు చందమామల్ని వరసగా పేర్చినంత పొడవట! ఇన్నాళ్లూ మా మిద్దె మీదే ఉంది. నేనేమో కింద అందరినీ బకరాలు చేస్తూ కూర్చున్నాను.

16, ఆదివారం
హగరి ఏటి దగ్గర పత్తి చేలో చెప్పాను. ఒక్కరూ తలెత్తలేదు.
"ఏం రత్నా, పోయిన వారం బావిలో మొసలి, ఈ వారం ఆరు చందమామలా?"
మొసలిని పుట్టించింది నేనే. కానీ దీన్ని కాదే...

17, సోమవారం
అన్నం తిన్నాక కరెంటు పోయింది. పక్కింటి నుంచి సరోజ వదినను లాక్కొచ్చి మిద్దె ఎక్కించాను. అన్న పెళ్లాం, చేలో నా పక్క సాలు. ఉత్తరాన వెతికి వెతికి మెడ పట్టేసింది. ఆరు చందమామలేవీ? గోరంత మసక. మిగతా పొడవంతా ఉందట, వెలుగు చాలక మన కంటికి ఆనదట. ఫోను ఆ మాట చివర్లో చెబుతుంది — దొంగముండ.
నేరుగా చూస్తే మాయం. కాస్త పక్కకు చూస్తే ఉంది.
వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఉండాది మే! పత్తి పింజ ఇరుక్కున్నట్ల ఉండాది!"
"రేపు అందరికీ చెప్తావా?"
"చెప్తాలే."
చెయ్యి చాచి, రెండు వేళ్లు పెట్టి, అసలు పొడవు చూపించాను. చాలాసేపు కూర్చున్నాం. ఎగతాళి చేయాలనిపించలేదు నాకు.

18, మంగళవారం
చేనుకు పోయే టెంపోలో అందరి ముందూ అడిగాను. వదిన కొంగు సర్దుకుంది.
"యాడ? నాకేం కనపడలా. ఇది సుమ్నె, ఊరికే చెప్తాది."
టెంపో అంతా నవ్వు. డ్రైవరు కూడా.
చేలో నిలదీశాను — ఎందుకట్ల చేస్తివి వదినా?
పత్తి తీస్తూనే చెప్పింది. "సండూరు నుంచి నా తమ్ముడొచ్చినాడు, గట్టు మీద నిలబడినాడు అంటివే. చెప్పులు కూడా లేకుండా ఉరికితినే. ఆ పొద్దు గట్టు మీద ఏం కనపడిందో, నిన్న మిద్దె మీదా అదే కనపడింది."
వదినతో నాలుగేళ్లుగా మాటల్లేని ఆమె తమ్ముడు. అవును, ఆ అబద్ధం నేనే అన్నాను. అందరికంటే ఎక్కువ నవ్వాను కూడా.

19, బుధవారం
నేను చేసింది వేళాకోళం. ఆమె చేసింది ద్రోహం. రెండూ ఒకటెట్లా అవుతాయి?
రాసి చదువుకున్నాను. మళ్లీ చదివాను.

20, గురువారం
వదిన సాలు మార్చుకుంది.
చీకటి పడ్డాక మిద్దె ఎక్కాను. పక్క మిద్దె మీద వదిన — బట్టలు తీయడానికి వచ్చినట్టు. తీగ మీద ఒక్క గుడ్డ లేదు. మెడెత్తి ఉత్తరం వైపు చూస్తోంది.
పిలుద్దామని నోరు తెరిచాను.
ఏమని పిలిస్తే నమ్ముతుంది...