మా ఇద్దరి యేసు

చిన్నోడికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ, కోడలూ, మీ అత్తయ్యా ముగ్గురం కులాసా. కోడలి బి.పి. ఒక్కటే మాట వినడం లేదు. నెలలు నిండుతున్నాయి కాబట్టి డాక్టరమ్మ మంచం దిగొద్దంది, మనసు ఉల్లాసంగా ఉంచమంది. నీ ఓడ ఏ రేవులో ఉందో గానీ, ఇంజను గదిలో చెమటలు కక్కుతుంటావు. మొహం తుడుచుకుని నెమ్మదిగా చదువు.

నువ్వడిగినవాటికి జవాబులు. మోకాళ్ళ మాత్రలు మానలేదు. వంటింటి కుళాయి బాగయింది. నేనిటు వచ్చాక మన బేకరీలో రొట్టెలు మునుపటికన్నా బాగా పొంగుతున్నాయట. ఈ కబురు విని నాకేమీ సంతోషం కలగలేదు. ఇక "మా అత్తయ్యతో మతం సంగతి ఎత్తకు" అని కింద గీత గీసి మరీ రాశావు. నేనెత్తలేదు. ఆవిడే ఎత్తింది.

కోడలి మంచం పక్కన కూర్చుని పసిబట్టలు మడతపెడుతున్నాం. నేను లోగొంతుతో యేసుకి ప్రార్థన చేసుకుంటుంటే, వియ్యపురాలు కళ్ళజోడు పైకి తోసి, "ఈసా ప్రవక్తంటే మా ముస్లిములకీ ఎంతో గౌరవం వదినా" అంది.

"ప్రవక్త అని సరిపెట్టేస్తారేంటి? ఆయన దేవుడి కొడుకు."

"దేవుడు ఒక్కడే వదినా. ఆయనకి సంసారం ఎందుకు అంటగడతారు?"

సంసారం సంగతి కాదది, వేరే అన్నాను. మరేంటో చెప్పమంది. ఇదే విషయం పాస్టరుగారు గంటసేపు చెబితే నాకు సగమే ఎక్కింది, ఆవిడకేం చెప్పను? పైగా హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, జవాబు రాబట్టందే వదలదు. "పోనీ, కన్యకు పుట్టాడని ఒప్పుకుంటారా?" అన్నాను.

"ఒప్పుకోకేం? మా గ్రంథంలో మరియం పేరుతో ఒక అధ్యాయమే ఉంది. మీ దాంట్లో ఉందా?"

లేదురా. కోడలు దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. ఆ సాయంత్రం నర్సు వచ్చి చూస్తే బి.పి. కాస్త దిగింది. అప్పట్నుంచి రోజూ నర్సు వచ్చే వేళకి ముందు మేమిద్దరం యేసు దగ్గర మొదలుపెడుతున్నాం. నీ పెళ్ళాం ఎటువైపూ మాట్లాడదు, ఇద్దరికీ అగ్గి రాజేస్తుంది.

నిన్న మాత్రం శ్రుతి మించింది. దేవుడు ఆయన్ని శత్రువుల చేతికి చిక్కనివ్వలేదనీ, సిలువ మీద చనిపోనివ్వకుండా తన దగ్గరికి తీసుకున్నాడనీ ఆవిడ అంది.

"చనిపోకపోతే తిరిగి లేవడం ఎక్కడిది వదినా? మా ఆయన్ని మట్టిలో పెట్టిననాడు నన్ను నిలబెట్టింది ఆ ఒక్క మాటే" అన్నాను.

ఆవిడ మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టింది. "మీ ధైర్యం తీసెయ్యాలని కాదు వదినా. అంత మంచివాణ్ణి ఆ మేకులకి అప్పగించడం నా వల్ల కాదు, అంతే" అంది. ఆవిడకీ ఆయనంటే ఇంత ప్రేమ ఉందని నాకప్పుడే తెలిసింది. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

కోడలు కంగారుపడుతుందేమోనని ఆవిడే మాట మార్చింది. ఈసా పొత్తిళ్ళలో ఉండగానే తల్లి పక్షాన మాట్లాడాడని చెప్పింది. మా సువార్తల్లో ఆ ముచ్చట లేదు. "మావాడికి మాటలొచ్చేసరికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా వచ్చేసింది" అన్నాను. కోడలు నవ్వలేదు.

"నా బిడ్డ కూడా పుట్టగానే మాట్లాడి, నాన్న ఏడీ అనడిగితే ఏం చెప్పను అత్తయ్యా?" అంది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను, కోప్పడకు. నీకు సెలవు దొరికిందని చెప్పేశాను. "ఇంకా ఏమీ తెలియదమ్మా" అని నువ్వు రాసింది నాకు గుర్తుంది. అయినా చెప్పాను. నేను తడబడేలోపే వియ్యపురాలు "అవునమ్మా, ఆ ఉత్తరం నేనూ చదివాను" అంది. అబద్ధం పాపమని ఆవిడ గ్రంథమూ చెబుతోంది, నాదీ చెబుతోంది. అక్కడ ఎంత వెతికినా తేడా దొరకలేదు. కోడలు మాత్రం చాలా రోజుల తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయింది.

మీ కెప్టెన్ కాళ్ళే పట్టుకుంటావో, గడ్డమే పట్టుకుంటావో నీ ఇష్టం. యేసు తిరిగి వస్తాడని మా ఇద్దరికీ గట్టి నమ్మకం, ఆ విషయంలో మాకు పేచీయే లేదు. నువ్వొస్తావని మాత్రం ఈ ఇంట్లో నమ్ముతున్నది ఒక్క నీ పెళ్ళామే.

ఇట్లు,
అబద్ధమాడిన అమ్మ,
వత్తాసు పలికిన అత్తయ్య