గజేందర్ డబ్బల బువ్వ

ముఐథర్, దోహా.

బిడ్డ పుష్పకు నాయిన దీవెనలు.

అక్షరాలు కోడి గీకినట్టుంటయి, తప్పులు కూడ ఉంటయి, ఏమనుకోకు. సదివిందే కొంచెం, అది కూడ గంటె పట్టినంక మరిచిన. ఫోన్ల నాకు ఆ, ఊ తప్ప మాట రాదని నీకెరుకే. మన వాడకట్టు స్వర్ణ పెనిమిటి సెలవు మీద ఊరికొస్తుంటే ఈ కాయితం ఆయన చేతికిచ్చిన. నా పానం మంచిగనే ఉన్నది. నువ్వు, అల్లుడు, పిల్లలు, ఈనిన బర్రె, అందరు సల్లగున్నరనుకుంట. మోకాళ్లు అడిగినవ్, పొయ్యి వేడికి అవే తగ్గినయ్. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు ముట్టింది.

ఇగ నువ్వడిగిన అసలు ముచ్చట. పొలమంతా మా సీడు పంటకే పెట్టాలె, వేరే వరి ఒక్క మడి కూడ వద్దని విత్తన కంపెనీ ఏజెంటు అంటున్నడు, సంతకం పెట్టాల్నా అని రాసినవ్. నాకు కంపెనీల సంగతి ఏం తెలుసు? నేను వండే కిచెన్ సంగతి చెప్త.

మా ఓనరు జడ్సన్ సారు భీమవరం దిక్కు మనిషి, మంచోడు. మొదట మదీనత్ ఖలీఫా ఏరియాల ఇండ్లకు, చిన్న దుకాణాలకు వండి పంపేటోళ్లం. ఒకరు మానేస్తే ఇంకొకరు దొరికేది. తర్వాత వరల్డ్ కప్పు కొరకు అల్ తుమామాల స్టేడియం పని మొదలైంది. కూలోళ్లను పెట్టిన పెద్ద కంపెనీ మమ్ముల పట్టింది. వేరేటోళ్లకు వండుడు బంద్ చేయమన్నరు. సారు బంద్ చేసిండు. అప్పటి సంది వాళ్లు ఎటు తిప్పితే అటు తిరుగుడే.

ముందు తెల్లారినంక వండేది. సైటు గేటుకాడ వ్యాను ఆలస్యమైతుందని ఇంకా ముందు వండుమన్నరు. తర్వాత ఇంకా ముందు. "సారు, బువ్వ పగటీలిదాక ఆగది" అన్న నేను.

"తెలుసండీ పోశన్న గారూ. కాదంటే రేపు ఇంకో కిచెన్ చూసుకుంటారు. మనకింకెవరున్నారు చెప్పండి?" అన్నడు.

దించంగనే మొదటి పళ్లెం కంపెనీ మేనేజరుకు పోవాలె, అది కాయిదా. పొగలు పోతుంటే తిని తలూపుతడు. కూలోళ్లు అదే బువ్వ పగటీలి ఎండల మూత తీస్తరు.

మన పక్కూరి గజేందర్ ఆ సైటులనే చేసేది. సెలవు దినం మా కిచెన్‌కొచ్చి నవ్వేటోడు. "మామా, నీ పప్పు ఇటుకల నడుమ పెడితే స్టేడియం ఎప్పుడో లేస్తుండె! నా డబ్బల అడుగంటింది పెట్టే, అదొక్కటే పాసిపోదు." వాడు కూడ పొలమంతా సీడుకే ఇచ్చినోడు. పండిన విత్తనం మొలక రాలేదని సీడు కంపెనీ వాపస్ చేసింది, తిననీకి ఒక్క మడి లేకపాయె. "ఒక్క మడి ఉంచుకుంటే నేనీడికి ఎందుకొద్దును మామా" అని అదే మాట.

పోయిన ఎండకాలం నిద్రలనే పోయిండు. వాని శవం పెట్టె మీరే దించుకున్నరు. మూడొద్దులకు పిట్టకు పెడితే పిట్ట ముట్టలేదని నువ్వే రాసినవ్. వాని టిఫిన్ డబ్బ మాత్రం వ్యానుల తిరిగి నా దగ్గరికొచ్చింది. మూత మీద ఇనుప మొలతోని గీకిన వాని పేరు. గోడకు తగిలిచ్చిన. అప్పటి సంది పొద్దుగాల మూతలు పెడుతుంటే ఎనుకకెల్లి "మామా, అడుగంటింది" అని ఇనవడ్తది. తిరిగి చూస్తే ఎవ్వరుండరు. భయం కాదు బిడ్డా. మళ్ల మూతలు పెట్టుకుంట పోత.

ఇప్పటిదాక ఆపుకున్న ముచ్చట ఇది. మొన్న అగ్రిమెంటు మళ్ల రాసుకునేతందుకు మేనేజరు పగటీలి మా కిచెన్‌కే వచ్చిండు. వేడిగ బిర్యాని పెట్టుమన్నడు సారు. నేను పొద్దుగాల వండిన బువ్వ గజేందర్ డబ్బల నింపి, ఎండల ఉంచి, అదే ముంగట పెట్టిన. "కూలోళ్లది" అన్న, గంతే.

మూత తీసిండు. వాసన చూసిండు. కోపానికి రాలె. "తెలుసు చాచా, అన్ని కిచెన్లల్ల గింతే" అన్నడు హిందీల. మూత పెట్టి, రేటు కొంచెం తగ్గించి సంతకం చేసిండు. జడ్సన్ సారు థ్యాంక్యూ అన్నడు.

ఇన్నొద్దులు ఆ మేనేజరుకు తెల్వదనుకున్న బిడ్డా.

వాళ్లు లోపలికి పోయినంక ఆ బువ్వ బయట పిట్టగోడ మీద పెట్టిన. గోరింకలు వరుసగ కూసున్నయ్, ఒక్కటి రాలె. పిట్ట ముట్టకుంటే మన పెద్దలు పోయినోనికి మాటిచ్చేది గద, అట్లనే గజేందర్‌కు మాటిచ్చిన. వంట మానేస్త అన్న, రాలె. సారుతోని కొట్లాడ్త అన్న, రాలె. నాతోని కాదని వానికెరుకే. ఆఖరికి, "గజేందరూ, నా బిడ్డ పొలమంతా కంపెనీకియ్యదు, వాగు దిక్కు మడి తిననీకి ఉంచుకుంటది" అన్న. ఒక గోరింక ఎగిరొచ్చి ముట్టింది.

నిన్ను అడగకుంటనే నీ పేరు మీద మాటిచ్చిన. కష్టం నీది, మాట నాదా? ఆ మడి సీడుకు ఇయ్యనంటే ఏజెంటు ఇంకొకరి దగ్గరికి పోతడేమో. నువ్వప్పుడే సంతకం పెట్టినవో ఏమో. ఆ దినం సంది ఎనుక మాట ఇనవడ్తలేదు. అయినా మూతలు పెట్టేటప్పుడు ఎవరో నిలవడ్డట్టే ఉంటది, పోయినట్టు లేదు.

ఏం చేసినవో రాయి. జల్ది రాయి బిడ్డా, ఇద్దరం ఎదురు చూస్తున్నం.

ఇట్లు,
మీ నాయిన
పోశన్న