ఆరో నంబరుకు ఐదు మాటలు

ఫిబ్రవరి 15, శనివారం

అన్నయ్య పడిపోయాడు.

ముప్ఫై ఎనిమిదో నిమిషం, కార్నర్ కిక్. ఇద్దరు ఒకే బంతికి ఎగిరారు. అవతలి డిఫెండర్ మోచెయ్యి అన్నయ్య కణతకు తగిలింది. గాలి హోరులో శబ్దం వినపడలేదు కానీ పడిన తీరు చూశాను. చేతులు అడ్డం పెట్టుకోకుండా పడ్డాడు. అలా పడటం మంచిది కాదని మాకు రెండో సంవత్సరంలోనే చెప్పారు.

లేచాడు. క్లబ్ డాక్టర్ మదామ్ లెస్క్యూర్ ఏదో అడిగితే నవ్వుతూ తలూపాడు. ఆవిడ నవ్వలేదు. చెయ్యి పట్టుకుని బయటికి నడిపించేసింది. మా వెనక వరసలో ముసలాయన, ఆ అన్‌ఫాన్‌ది బుర్ర కాదయ్యా బండరాయి, పాపం ఆ మోచెయ్యి ఎలా ఉందో కనుక్కోండి అన్నాడు. అందరూ నవ్వారు. అన్‌ఫాన్ అన్న పేరు వినపడి, తన కొడుకుని పొగుడుతున్నారనుకుని అమ్మ కూడా నవ్వింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

క్లబ్ ఉన్న ఊరు రోక్‌మాల్‌లో తన ఫ్లాట్‌కి వెళ్ళకుండా మార్సెయ్‌కి, మా ఇంటికే వచ్చాడు. తొమ్మిదో అంతస్తు, నా గది, కర్టెన్లు మూసి. అమ్మ రెండుసార్లు పలావు తెచ్చింది. రెండుసార్లూ వాంతి చేసుకున్నాడు. నూనె ఎక్కువ పోశాను దరిద్రపుదాన్ని అని అమ్మ తనను తానే తిట్టుకుంది.

నిన్న స్కోరెంత అని అడిగాడు. చెప్పాను. ఇరవై నిమిషాలకు మళ్ళీ అడిగాడు.

గురువారం టెస్ట్ ఉంది, తలకు దెబ్బ తగిలినవాణ్ణి మళ్ళీ ఆడనివ్వాలా వద్దా అని చూసేది. కంప్యూటర్ మీద చేసేదాన్ని జూలైలో, సీజన్ మొదట్లో, చేసిన దానితో పోలుస్తారు. అందులో భయం లేదట. జూలైలో సీనియర్లందరూ కావాలనే తప్పులు చేస్తారట. కొత్తగా వచ్చినవాడికి డ్రెస్సింగ్ రూమ్‌లో చెప్పే మొదటి పాఠం అదేనట. ఒసే డాక్టరమ్మా, జూలైలోనే నేను మొద్దునని కాగితం మీద ఉంటే ఫిబ్రవరిలో మొద్దునయ్యానని ఎవడు కనిపెడతాడే అన్నాడు. నవ్వబోయి తల పట్టుకున్నాడు.

నేను డాక్టర్ని కాను. మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పే చదువు, మూడో సంవత్సరం. ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్లో స్కూలు దాటినవాళ్ళు డాక్టర్లే. దాటింది నేనొక్కదాన్నే.

ఫిబ్రవరి 17, సోమవారం

కాంట్రాక్ట్ తీసి మళ్ళీ చదివాను. మా ఇంటికి వచ్చే ప్రతి కాగితం పన్నెండేళ్ళ వయసు నుంచి నేనే చదువుతున్నాను. అమ్మకు అక్షరాలు రావు. అన్నయ్య పద్నాలుగేళ్ళకే అకాడమీకి వెళ్ళాడు, అక్కడ చదివించేది కాళ్ళనే.

తొమ్మిదో పేజీ: ఈ సీజన్‌లో మొదటి నుంచి మైదానంలో ఉన్న మ్యాచ్‌లు ఇరవై ఐదయితే ఒప్పందం ఇంకో ఏడాది దానంతటదే పెరుగుతుంది. లేకపోతే జూన్ ముప్ఫైతో సరి. ఇప్పటికి పదిహేడు ఆడాడు. మిగిలినవి పన్నెండు. అందులో ఎనిమిది కావాలి. మదామ్ లెస్క్యూర్ ఆరు వారాలు ఆగమంటే అయిపోయినట్టే. ముప్ఫై మూడేళ్ళ మిడ్‌ఫీల్డర్‌ని ఎవరు తీసుకుంటారు?

ఆ వాక్యాన్ని కనిపెట్టి చూపించింది నేనే. అంతవరకూ అన్నయ్యకు అది ఉందని కూడా తెలియదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

టెస్ట్ ఎలాగైనా గట్టెక్కించమని అన్నయ్య అడిగాడు. రేపటిదాకా ఆలోచిస్తానన్నాను.

ఫిబ్రవరి 19, బుధవారం

కంప్యూటర్ సంగతి సరే, టెస్ట్‌లో నోటితో చెప్పే భాగం ఒకటుంది. డాక్టర్ ఐదు మాటలు చదువుతుంది. వెంటనే చెప్పాలి, పది నిమిషాల తర్వాత మళ్ళీ చెప్పాలి. నిన్న నేను పెట్టి చూశాను. పది నిమిషాల తర్వాత రెండు చెప్పాడు. మూడోసారి రెండు, అందులో ఒకటి నేను చదవనిది.

ఆ లిస్టులు మూడే. మూడూ నా క్లాసు ఫోల్డర్‌లో ఉన్నాయి.

ఉదయం నుంచి మొదలుపెట్టాం. వట్టి మాటలు నిలవలేదు. అప్పుడు నాకో ఉపాయం తట్టింది. మైదానం గీశాను. మాటలను ఆటగాళ్ళలా నిలబెట్టాను. గొడుగు గోల్‌కీపర్ దగ్గర. ఉప్పు కుడి వైపు వెనక. పావురం మధ్య వృత్తంలో. నిచ్చెన ఎడమ అంచున. తేనె అవతలి గోల్‌లో. అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. ఎవరు ఎక్కడున్నారో తనకు ఎప్పుడూ తెలుసు, పదిహేనేళ్ళుగా తను బతికింది దానితోనే. వెనక నుంచి ముందుకు బంతి పంపినట్టు ఐదూ చెప్పాడు.

మిగతా రెండు లిస్టులూ అలాగే. సాయంత్రానికి పదిహేను మాటలూ తప్పులేకుండా వచ్చాయి. మా టీచర్ చూస్తే మెచ్చుకునేది. అలా అనుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. కింద అంతస్తు ఆవిడతో, మా ఎషాతి చదువు ఇన్నాళ్ళకు అన్నకు అక్కరకొచ్చిందమ్మా అని చెప్పుకుంటుంటే వినపడింది.

ఫిబ్రవరి 20, గురువారం

పాసయ్యాడు. వచ్చింది గొడుగు లిస్టేనట.

ఫిబ్రవరి 23, ఆదివారం

మెట్ల దగ్గర తూలాడు. చెప్పు జారిందన్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు.

మార్చి 1, శనివారం

రంజాన్ ఉపవాసాల మొదటి రోజు. మ్యాచ్ రాత్రి ఎనిమిదికి. బస్సులోనే ఖర్జూరాలు, సమోసాలు తిన్నామని ఫోన్‌లో చెప్పాడు. మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. పద్దెనిమిది.

నాకు ఆరేళ్ళప్పుడు అన్నయ్య ఆదివారాలు అకాడమీ నుంచి ఇంటికి వచ్చేవాడు. కింద కార్ల పార్కింగ్‌లో గోడకు బంతి కొట్టేవాడు. నా పని వెనక నిలబడి వేళ్ళు చూపించడం. బంతి తిరిగి కాలికి చేరేలోపు భుజం మీదుగా చూసి ఎన్ని వేళ్ళో అరవాలి. మూడు! ఒకటి! నాలుగు! తప్పు చెప్పిన రోజు నాకు ఐస్‌క్రీమ్. ఎప్పుడోగాని తినలేదు. మైదానం మధ్యలో ఆడే ఆరో నంబరు వాడికి వెనక కూడా కళ్ళుండాలే పిల్లా అనేవాడు.

అందుకే నేను మ్యాచ్‌లో బంతిని చూడను, అన్నయ్య మెడను చూస్తాను. బంతి వచ్చేముందు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి.

ఇవాళ ఒక్కసారి కూడా తిప్పలేదు. తిరగాల్సి వస్తే ఒళ్ళంతా తిప్పాడు, కుండ మోస్తున్నవాడిలా. నాలుగుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. మా వెనక ముసలాయన, రోజంతా కడుపు మాడ్చుకుంటే కాళ్ళు ఆడతాయా, నెల పోయాక చూడండి మనవాణ్ణి అని అందరికీ సర్దిచెప్పాడు. ఫోన్ చేస్తే అన్నయ్య కూడా అదే అన్నాడు. ఉపవాసమే, తల తిరుగుతోందంతే.

కళ్ళు తిరగకుండా ఉండటానికి తల తిప్పడం మానేశాడు. ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు.

మార్చి 4, మంగళవారం

క్లాసు ఎగ్గొట్టి రోక్‌మాల్ వెళ్ళాను. మదామ్ లెస్క్యూర్ గది బయట నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆవిడ వచ్చి, అన్‌ఫాన్ చెల్లెలివి కదూ, మీ అన్న జ్ఞాపకం ఏనుగు జ్ఞాపకమమ్మా, ఐదింటికి ఐదూ టకటకా చెప్పేశాడు అంది. కాఫీ తాగుతావా అంది, వెంటనే అయ్యో ఉపవాసం కదా, మర్చిపోయాను అని నాలుక కరుచుకుంది.

అంతా చెప్పేద్దామని వచ్చినదాన్ని, ఏమీ లేదు, ఊరికే వచ్చానన్నాను.

బస్సులో అనుకున్నాను: ఇంకో ఏడు మ్యాచ్‌లే కదా.

మార్చి 8, శనివారం

బంతి మామూలుగానే వచ్చింది. అంతకంటే గట్టి బంతిని బడిపిల్లలు తలతో కొడతారు. కొట్టాడు. రెండడుగులు వేశాడు. ఆటమధ్యలో కూర్చున్నాడు, అలిసిపోయినవాళ్ళు మెట్టు మీద కూర్చున్నట్టు. తర్వాత పక్కకు ఒరిగాడు.

కెప్టెన్ బంతిని చేత్తో పట్టేసి డాక్టర్ కోసం అరిచాడు. స్టేడియంలో గాలి ఒక్కటే వినపడింది.

అమ్మ నన్ను అడిగింది, ఏమైందే, నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు.

మార్చి 9

తల తెరిచారు. బతికాడు.

మార్చి 11, మంగళవారం

మదామ్ లెస్క్యూర్ ఆసుపత్రికి వచ్చింది. కారిడార్‌లో చెప్పేశాను. లిస్టులు, మైదానం బొమ్మ, మెట్ల దగ్గర తూలడం, జూలై సంగతి, అన్నీ. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

మూడు లిస్టులూ నేర్పావా అని మాత్రం అడిగింది. అవునన్నాను. కోటు బొత్తాం తిప్పింది. మరీ త్వరగా చెప్పాడని ఆ రోజే అనిపించిందట. కానీ మిడ్‌ఫీల్డ్‌లో ఇంకెవరూ లేరని, అన్‌ఫాన్ వస్తున్నాడని సంతోషపడి ఊరుకుందట. ఇది రాసి క్లబ్‌కి ఇస్తాను, నీ పేరు రాయక తప్పదమ్మా అంది. రాయండి అన్నాను.

ఏప్రిల్ 3, గురువారం

కళ్ళు తెరుస్తున్నాడు. కుడి చెయ్యి కదలదు. మాట లేదు.

మా కాలేజీ నుంచి ఉత్తరం. లిస్టులు నేర్పినందుకు నా మీద విచారణ, జూన్‌లో. ఇంటికొచ్చే కాగితాలు చదివేది నేనే కాబట్టి ఇదీ నేనే చదువుకున్నాను.

మే 6, మంగళవారం

ఇవాళ మాట్లాడాడు. నర్సు రొట్టె చూపించి ఇదేమిటి అని అడిగింది. అన్నయ్య నుదురు ముడిచి చాలా కష్టపడ్డాడు. గొడుగు అన్నాడు. నీళ్ళు చూపిస్తే, ఉప్పు. అమ్మను చూపిస్తే, పావురం.

నర్సు నా భుజం తట్టి, మాటలు వస్తున్నాయి చూడు, శుభమే కదా, ఏడుస్తావేం అంది.

మే 7

అన్నీ పోయాయి. నేను నేర్పినవి మిగిలాయి. ఐదే ఐదు, వరస తప్పకుండా.

మే 18, ఆదివారం

అమ్మకు చెప్పాను. వంటింట్లో కొబ్బరి కోరుతోంది. చెప్పినంతసేపూ కోరుతూనే ఉంది. చిప్ప ఖాళీ అయినా ఆపలేదు.

ఈ చేతులతో ఆసుపత్రుల నేల తుడిచి నిన్ను చదివించాను అంది. గంట తర్వాత నా గదికి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ మాటలేమిటో నాకూ నేర్పవే, నా బిడ్డతో మాట్లాడాలి అంది.

నేర్పాను. అమ్మకు మైదానం బొమ్మ అక్కర్లేకపోయింది.

జూన్ 14, శనివారం

అమ్మ రోజూ వెళ్తుంది. చెయ్యి పట్టుకుని, గొడుగు నాన్నా అంటుంది. ఉప్పు అంటాడు. అలా తేనె దాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తారు. ఒక్కోసారి నవ్వుతారు. నేను తలుపు దగ్గరే ఉంటాను.

జూన్ 30, సోమవారం

కాంట్రాక్ట్ చివరి రోజు. ఆసుపత్రి తోటలో చక్రాల కుర్చీ వెనక నిలబడి మూడు వేళ్ళు చూపించాను, ఎందుకో.

అన్నయ్య భుజం మీదుగా చూశాడు.

గొడుగు, ఉప్పు, పావురం అని ఆగిపోయాడు.