తివాచీ కింద చలికాలం

గుర్రాల మందకూ నాకూ సమానంగా తల్లివైన అమ్మకు,

ఇక్కడ నేనూ, కుక్కా, పొగ గొట్టమూ క్షేమం. మన ఆచారం ప్రకారం ముందు నీ గుర్రాల క్షేమం అడిగి, తరువాత నీది అడుగుతున్నాను. పాల లారీ డ్రైవర్ నీ పచ్చిక దాకా వస్తానన్నాడు కనుక ఈ ఉత్తరం అతని టోపీలో ప్రయాణిస్తోంది.

బూట్లు ఆరబెట్టుకుంటున్నావా అని అడిగావు. ఆరబెడుతున్నాను. పెళ్లి సంగతి ఏం ఆలోచించావని అడిగావు. బూట్లు చాలా బాగా ఆరుతున్నాయి.

మూడో ప్రశ్నకు మాత్రం తీరిగ్గా రాయాలి. నువ్వు ఆ చలికాలమంతా మంచు కొలవకుండా నిద్రపోయావని ఇంకా అంటున్నారా అని అడిగావు. అంటున్నారమ్మా. మన వాతావరణ కేంద్రానికి పెద్ద, మనందరికీ అన్నలాంటి సోవెట్‌బెక్ బైకే నివేదికలో అదే రాయబోయాడు. రాస్తే శరత్తులో నీ ఉద్యోగం నీకు తిరిగి రాదు.

“ఆ చలికాలం మీ నాన్న మంచాన పడ్డాడు, ఆవిడకు తీరికెక్కడిదిరా? నేను తప్పు పట్టట్లేదు. కానీ ఫొటోలేవీ?” అన్నాడు.

రోజూ పొద్దున కొలకర్ర పక్కన నువ్వు నిలబడితే కెమెరా తీసే ఫొటోలు. ‘మంచు’ అనే ఫోల్డర్‌లో ఆ చలికాలానిది ఒక్కటీ లేదు.

ఈలోగా కంప్యూటర్ డిస్కు నిండిపోయిందని మొర మొదలుపెట్టింది. ఫోల్డర్లన్నీ తెరిచి కూడితే సగం కూడా లేదు. మిగతా సగం ఎవరు తిన్నట్టు?

“అంతా తుడిచేసి మొదట్నుంచి పెట్టరా, పీడా పోతుంది!” అన్నాడు బైకే.

నేను కిటికీలోంచి మబ్బు కొండను మింగడం చూస్తూ కూర్చున్నాను. కొండ లేదు. కానీ ఉంది. అతిథులొస్తే నువ్వు పాత తివాచీ తీయకుండా దానిమీదే కొత్తది పరుస్తావు కదా, అది గుర్తొచ్చింది.

ఆ చలికాలం, ఫొటోలు దాచడానికి కంప్యూటర్‌కు బయట తగిలించే పెద్ద డిస్కు పెట్టె తీగ ఊడిపోయి ఉందన్నమాట. నీ ఫొటోలన్నీ కంప్యూటర్ సొంత డిస్కులోని ‘మంచు’లోకి వెళ్లాయి. వసంతంలో ఎవరో పెట్టెను మళ్లీ తగిలించారు. అది పై తివాచీలా అదే ఫోల్డర్ మీద పరుచుకుంది. కిందవి కనబడవు, చోటు మాత్రం వదలవు.

పెట్టెను మెల్లగా విడదీశాను, తివాచీ అంచు ఎత్తినట్టు. కింద చలికాలం మొత్తం పడుకుని ఉంది. తెల్లగా, చప్పుడు లేకుండా. ప్రతి ఉదయంలోనూ నాన్న కోటు వేసుకుని నువ్వు. ఒకదాంట్లో మన కుక్క కొలకర్రను అవమానిస్తోంది.

ఇక్కడొక నేరం ఒప్పుకోవాలి. పెట్టె విడదీయనివ్వమని అడిగి, బైకేతో పందెం కాశాను.

“దొరక్కపోతే మా అమ్మ గోధుమరంగు గుర్రం మీది.”

“దొరికితే?”

“నివేదిక నేను చెప్పినట్టు రాయాలి.”

గుర్రానికి ఈ మాట చెప్పకు, నామీద నమ్మకం పోతుంది.

బైకే కళ్లజోడు తుడుచుకుని ఒక్కో ఫొటో చూశాడు. “నేనే నిద్రపోయానురా,” అన్నాడు. నివేదిక మార్చాడు. మాఘం ముగిసే చోట ఆగి, “ఇక్కడ మూడు రోజులు లేవేం? ఇవి కూడా ఎక్కడైనా దాక్కున్నాయా?” అని అడిగాడు.

నేను తరువాతి ఫొటో తెరిచాను. అదే కోటు, అదే కొలకర్ర. నీ తల మీద మాత్రం నాన్న కోసం కట్టిన నల్ల రుమాలు.

బైకే కలం తీసుకుని, ఆ మూడు రోజుల ఎదురుగా, “ఖాళీ సరైనదే” అని రాశాడు.

ఇట్లు,
బూట్లు ఆరబెట్టుకున్న నీ కొడుకు
ఇల్గిజ్