ఎస్తేరు షాట్

చెన్నై,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అమ్మకి,

నీ షారోను ప్రేమతో వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను. రాజాంలో నువ్వు, నాన్న, మామ్మ, తమ్ముడు అంతా కులాసాయే కదా? మామ్మ మోకాళ్ళకి నూనె రాస్తున్నారా? తమ్ముడు నా సైకిలు తొక్కుతున్నాడని తెలుసు, తొక్కనీ, గొలుసుకి మాత్రం నూనె వెయ్యమను. ఫోనులో మాకిచ్చే నాలుగు నిమిషాలూ నువ్వు "తిన్నావా, ఏటి తిన్నావు" అని అడగడానికే సరిపోతున్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను. నాన్నకి చదివి వినిపించు, కానీ ముందు నువ్వొక్కదానివే చదువుకో.

ఇక్కడ ఎండ గురించి చెప్పను, నువ్వు బెంగపడతావు. పొద్దున్నే బాస్కెట్‌బాల్ ఆట, తరువాత బడి, సాయంత్రం మళ్ళీ ఆట. తిండికి లోటు లేదమ్మా, నిజంగా లేదు. రోజూ సాంబారే, అదొక్కటే గొడవ. మెత్తళ్ళ చేపల వేపుడు గుర్తొచ్చిందంటే ఆ పూట అన్నం దిగదు. ఇంకో సంగతి విను. పొద్దున ఆట అయ్యాక బలానికని గ్లాసుడు రాగి మాల్ట్ ఇస్తారు. తాగి చూస్తే మన చోడి అంబలే. ఇంట్లో నువ్వు బతిమాలినా తాగనిదాన్ని ఇక్కడ వరసలో నిలబడి తాగుతున్నాను. నవ్వుకో.

నా గదిలో లీనా అని కేరళ అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న ఒకప్పుడు పెద్ద ఆటగాడట. ఇద్దరం వచ్చీరాని ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం. ఈ క్యాంపులో ఆమెనీ నన్నూ మొదట పేర్లతో ఎవరూ పిలవలేదు. ఆమె ఫలానా ఆయన కూతురు, నేను ఎస్తేరు కూతుర్ని. మా కోచ్ విమల మేడమ్‌ది విజయనగరం. బడి రోజుల్లో నీ మీద ఆడి ఓడిపోయానని ఆవిడే చెప్పారు. మొదటి రోజు నా చేత బంతి వేయించి, "తల్లి సేలో మేస్తే దూడ గట్టున మేస్తాదా" అని పడీ పడీ నవ్వారు. నేను పొగడ్తే అనుకున్నాను.

పొగడ్త కాదని రెండు రోజుల్లో తెలిసింది. నువ్వు నేర్పిన షాట్, రెండు చేతులతో బంతి పట్టుకుని, మోచేతులు పక్కలకి ఆనించి, గుండెల దగ్గర నుంచి విసిరేది, రాజాంలో ఎవరూ ఆపలేదు. ఇక్కడి పిల్లలు నాకంటే జానెడు పొడుగు. బంతి నా చేతులు దాటకముందే కొట్టేస్తున్నారు. మేడమ్ నన్ను పక్కకి పిలిచి, బంతి తల పైనుంచి ఒంటి చేత్తో వెయ్యడం నేర్చుకోవాలనీ, ఈ నెలలో అది రాకపోతే జట్టులోకి తీసుకోలేననీ, ఇంటికి పంపాల్సి వస్తుందనీ చెప్పేశారు.

నేను వినలేదమ్మా. నా మొండితనం నీకు తెలియనిది కాదు. చర్చి దగ్గర ముసలాళ్ళు కూడా ఎస్తేరు షాట్ అని చెప్పుకుంటారు. దాన్ని వదిలేస్తే నిన్ను వదిలేసినట్టే అనిపించింది. వారమంతా అలాగే వేశాను, అలాగే కొట్టించుకున్నాను. లీనా కూడా చెప్పి చూసింది. వాళ్ళ నాన్న ప్రతి శనివారం వచ్చి గట్టు మీద కూర్చుని ఇలా వెయ్యి, అలా వెయ్యి అని అరుస్తాడు, దానికి తన ఆట మార్చుకోవాలని ఉన్నా మార్చుకోనివ్వడు. "మీ అమ్మ దూరంగా ఉంది, నీకేం" అంది. ఆ మాటకి నేను లీనాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఒకరోజు సాయంత్రం అందరూ వెళ్ళాక మేడమ్ నన్ను కూర్చోబెట్టారు. నేను కళ్ళనీళ్ళతో, ఇది మా అమ్మ షాట్, నేను మార్చను అన్నాను. ఆవిడ కోప్పడలేదు.

"మీయమ్మ అది కావాలని నేర్సుకోలేదే పిల్లా," అన్నారు. "అప్పుడు మేమంతా ఓణీలు నడుముకి సుట్టుకొని ఆడీవోళ్ళం. సంఘం పెద్దలూ, ఊళ్ళో మొగోళ్ళూ సుట్టూ నిలబడి సూసీవోరు. సెయ్యి పైకెత్తితే జాకెట్టు పైకెళ్ళిపోతాది. అందుకే మోసేతులు పక్కలకి అతికించీసి ఏసీవోళ్ళం. జిల్లా జట్టులోకెళ్ళాక షర్టులిచ్చారు. అప్పటికి సెయ్యి అలవాటైపోనాది."

ఒంటి మీద చేతుల్లేని బనీను వేసుకుని, పొట్టి నిక్కరుతో కూర్చుని, నేను పట్టుబట్టింది దేని కోసమా అనుకున్నాను. నీ మీద కోపం కూడా వచ్చిందమ్మా, ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని. తరువాత ఆలోచిస్తే, అలా చేతులు కట్టేసుకుని కూడా నువ్వంత దూరం నుంచి వేశావని తలుచుకుని చాలాసేపు ఏడ్చాను. కంగారుపడకు, మంచి ఏడుపే.

మర్నాటి నుంచి లీనాయే నాకు గురువు. నా ఎడమ చెయ్యి లేవకుండా పట్టుకుని నిలబడేది, నేను కుడి చేత్తో వేసేదాన్ని. మొదట్లో బంతి బోర్డుకి కూడా తగల్లేదు, భుజం పుండులా నొప్పి పెట్టింది. మెల్లగా పడడం మొదలైంది. నిన్న జట్టు పేర్లు చదివారు. నా పేరు ఉంది. లీనా పేరూ ఉంది. ముందు నీకే చెబుతున్నాను, తరువాత నాన్నకి, తరువాత మామ్మకి. తమ్ముడికి ఆఖర్న చెప్పు, ఊరంతా టముకు వేసేస్తాడు.

నాకు కాస్త ఆవకాయ, గుప్పెడు ఎండు మెత్తళ్ళు పంపు. వాసన రాకుండా బాగా కట్టు, లీనా వెజిటేరియన్ కాదు గాని వార్డెన్ వెజిటేరియన్. పాస్టరుగారికీ, పక్కింటి దొడ్డమ్మకీ వందనాలు చెప్పు. నా కోసం ప్రార్థన చెయ్యమను. మామ్మ పాదాలకి నమస్కారం.

పంపడం కాదు, నువ్వే తీసుకురా. జట్టు పోటీలకి బయలుదేరేముందు వచ్చే ఆదివారం తల్లిదండ్రుల్ని రానిస్తారు. చివర్లో గ్రౌండులోకి కూడా రానిస్తారట. చీరతో గ్రౌండులోకి దిగకు. నా ట్రాక్ ప్యాంటు, షర్టు నీకు సరిపోతాయి, ఉతికి ఉంచుతాను. నేను ఆడితే చూడమని కాదమ్మా పిలుస్తున్నది. నా షాట్ చూద్దువు గాని, అది ఎలాగూ చూస్తావు. నువ్వు చెయ్యి పూర్తిగా పైకెత్తి ఒక్క బంతి వేస్తే చూడాలని ఉంది. పడకపోయినా ఫరవాలేదు.

నీ దీవెన కోరే కూతురు,
షారోను