చల్లబడిన గోడ

అల్మామి మేస్త్రి బాబాయ్ గారికి,

మీ కోడలు సలాం చెప్పి రాస్తున్నది. మొప్తీలో ఎంత పని ఉన్నా సరే, ఈ ఉత్తరం అందగానే జెన్నేకి పడవెక్కండి. నేను రాసిన సంగతి మా ఆయనకు తెలియదు.

తాతల నాటి నుంచి ఈ ఇంటి గోడలు చూసుకున్నది మీ వాళ్లే. ఏటేటా మట్టి మెత్తించడం దండగని మా ఆయన బయటివైపంతా సిమెంటు పూయించారు. మీరు అలిగి వెళ్లడంలో తప్పు లేదు.

మన మట్టి గోడ పగలంతా ఎండ తాగి, పొద్దుగూకాక గదిలోకి వెచ్చగా వదులుతుంది కదా. వానలు మొదలయ్యాక పడమటి గోడ వెచ్చబడటమే మానేసింది. పైన పగుళ్లలోంచి దిగిన నీళ్లు సిమెంటు వెనకే ఉండిపోయాయేమో. నిన్న లోపలివైపు వేలితో నొక్కితే కణుపుదాకా దిగిపోయింది. మా ఆయన బయట సిమెంటు మీద గుద్ది, "రాయిలా ఉందే పిచ్చిమొహమా!" అని నవ్వారు.

ఈ ఉక్కలో ఆ చల్లదనం అందరికీ హాయిగా ఉంది. అత్తయ్య పిల్లలిద్దరినీ ఆ గోడ పక్కనే పడుకోబెట్టుకుంటోంది. వద్దంటే, "చల్లగా ఉన్నా ఏడుపేనా నీకు? అల్మామిని వచ్చి చెప్పమను, అప్పుడు లేస్తా" అంటోంది. మీ మాటైతే వింటుంది.

తూర్పున మళ్లీ మబ్బు కమ్ముకొస్తోంది. గోడకూ పిల్లలకూ మధ్య నేనే పడుకుంటున్నాను. పొద్దున లేచేసరికి నా వీపునిండా తడిమట్టి ఉంటోంది, బాబాయ్ గారూ.