ఐదువందల పన్నెండు దగ్గర ఆగిన లెక్క

మొఘల్‌పురా,
12-6-1988

పెద్దలు లక్ష్మయ్య సారుకు, మీ దగ్గర ఆరేళ్ళు తెలుగు చదువుకున్న అజీజున్నీసా సలాం చేసి రాస్తున్నది.

మేమంతా క్షేమం. మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని తెలిసి సంతోషించాం.

సారూ, నేను ఇబ్బందిలో పడ్డాను. మా కుట్టుపని ఆడవాళ్ళ సంఘంలో మూడువందల ఎనభై మందికి ఇళ్ళ జాగాలు రావాలి. బస్తీలవారీగా పేర్లన్నీ వరసలో పెట్టి ముప్పయ్యో తారీఖులోపు సర్కారు ఆఫీసులో ఇవ్వాలి. రోజుకో పేరు మారుతోంది. మారినప్పుడల్లా టైపు బాబురావు మొదటి నుంచీ కొట్టాలి. అందుకని నేను మీటింగులో లేచి, మా కొత్త కంప్యూటర్ చేస్తుందని అందరి ముందూ మాట ఇచ్చాను. దాన్ని మా ముందర గదిలో నా చేతులతో నేనే కూర్చాను.

తీరా చూస్తే దానికి జ్ఞాపకం సరిగ్గా లేదు. పొద్దున లేపగానే తన జ్ఞాపకం ఎంతో లెక్క చెప్పాలి. ఆరువందల నలభై దాకా చెప్పి పనిలోకి దిగాలి. ఐదువందల పన్నెండు దగ్గర ఆగిపోతోంది. వేడి చేసిందేమోనని ఫ్యాను పెట్టాను. పైమూత తీసి బ్రష్షుతో దులిపాను. కోపమొచ్చి నెత్తి మీద రెండు కొట్టాను కూడా.

ఏం చేయాలో తోచక మీకు రాసుకుంటున్నాను.

మీ శిష్యురాలు,
అజీజున్నీసా

తా.క.: కొట్టాక ఆ రోజు ఐదువందల పన్నెండు కూడా చెప్పలేదు. మర్నాటికి కోలుకుంది.


జనగామ,
15-6-1988

చిరంజీవి అజీజున్నీసాకు లక్ష్మయ్య ఆశీస్సులు.

నా కంటికి ఇంకా కట్టు విప్పలేదు. నీ ఉత్తరం మా ఇంటావిడ లీలమ్మ చదివి వినిపించింది. ఈ జవాబు కూడా నేను చెబుతుంటే ఆమే రాస్తున్నది.

బిడ్డా, కొత్త కంపౌండర్‌ను ముందర గదిలో కూర్చోబెట్టుకున్నావని విన్నాను. ఆస్పత్రిలో మందులు కలిపే మనిషికి పేర్ల లిస్టు అప్పజెప్పడమే మొదటి పొరపాటు. ఐదువందల పన్నెండు దాకా తప్పులేకుండా చెప్పిన కంపౌండర్‌ను నేను ఇంతవరకూ చూడలేదు. అందుకు మెచ్చుకోవాల్సింది పోయి తల మీద కొడతావా? పైమూత తీశానని రాశావు. దానికి, దాన్ని అంటున్నావు కనుక ఆడమనిషే, పైమూత అంటే కొంగు అనుకుంటాను. పరాయి ఆడమనిషి కొంగు లాగి బ్రష్షుతో దులపడం నేను నేర్పిన మర్యాద కాదు.

బ్రాహ్మీ నూనె సీసా బస్సు కండక్టర్ కొండల్ చేతికిచ్చి పంపుతున్నాను. తలకు బాగా పట్టించు. తగ్గుతుంది.

ఇట్లు,
లక్ష్మయ్య

తా.క.: ఆమెకు వేళకు అన్నం పెడుతున్నావా? ఉత్తరంలో ఆ మాటే లేదు.


మొఘల్‌పురా,
19-6-1988

లక్ష్మయ్య సారుకు అజీజున్నీసా సలాములు.

సీసా అందింది. మా అన్న అన్వర్ దాని మూత తీసి నేరుగా కంప్యూటర్ మీదికి వంచబోయాడు. రేడియోలు బాగుచేసే మనిషి, అయినా మీ మాట మీద గౌరవం. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. మీరు నా తల కోసమే పంపారని గ్రహించి నేనే రాసుకున్నాను. రెండు రోజులుగా నిద్ర బాగా పడుతోంది. ఇక ముందు దాన్ని కొట్టను. అన్నం సంగతి మాత్రం అర్థం కాలేదు. కరెంటు వేళకు ఇస్తున్నాను.

నిన్న సంఘంలో బాబురావు అందరూ వినేటట్టు ఒక మాటన్నాడు. "నా టైపు మిషన్‌కు జ్ఞాపకమే లేదమ్మా. గందుకే దానికి మతిమరుపు రాదు." నవ్వనివాళ్ళు లేరు. మా అధ్యక్షురాలు ఇక్బాలున్నీసా ఒక్కరే నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి, "బేటీ, పరేషాన్ గాకు. ఇరవై ఎనిమిది దాకా చూస్త. గప్పటికీ గాకపోతే బాబురావుకే ఇయ్యాలె" అన్నారు.

సారూ, అసలు లోపం ఎక్కడో కొంత తెలిసింది. దాని జ్ఞాపకానికని లోపలి పలక మీద వరసకు తొమ్మిది చొప్పున నాలుగు వరసలు కూర్చున్నాయి. ఒక్కొక్కదాన్ని నేనే కూర్చోబెట్టాను. ముందు రెండు వరసలూ చక్కగా పలుకుతున్నాయి. మూడో వరసలో ఏదో ఒకటి మొద్దు. అది పలకకపోతే లెక్కంతా అక్కడే ఆగుతుంది. తొమ్మిదీ చూడటానికి ఒకేలా ఉన్నాయి, ఏదని పట్టుకోవాలి? భాగాలు అమ్మిన బొంబాయి షాపువాళ్ళు పలకతో సహా అన్నీ తిరిగి పంపమన్నారు. రెండు నెలలు పడుతుందట.

మీ
అజీజున్నీసా

తా.క.: మా అమ్మ రోజూ దానికి దిష్టి తీస్తోంది. అయినా ఐదువందల పన్నెండే.


జనగామ,
22-6-1988

చిరంజీవి అజీజున్నీసాకు ఆశీస్సులు.

ఇప్పుడు విషయం తేటపడింది. కంపౌండర్ నీ ఇంట్లో బడి పెట్టిందన్నమాట. పలకలు పట్టుకుని ముప్పై ఆరుగురు పిల్లలు కూర్చున్నారు, మూడో వరసలో ఒక బిడ్డ నోరు మెదపడం లేదు.

ఎవర్నీ ఎక్కడికీ పంపకు. ఇలా చెయ్యి. మూడో వరసలో మొదటిదాన్ని లేపి నాలుగో వరసలో కూర్చోబెట్టు. అక్కడి దాన్ని ఇక్కడికి తే. లెక్క చెప్పించు. మళ్ళీ అక్కడే ఆగిందా, ఆ బిడ్డ తప్పేం లేదు. రెండోదాన్ని మార్చు. అలా ఒక్కొక్కటే మార్చుకుంటూ పో, తొందరపడి రెండింటిని ఒకేసారి లేపకు. ఎప్పుడు మూడో వరస పూర్తిగా పలికి నాలుగో వరసలో ఆగుతుందో, అప్పుడు చివరగా లేపినదే మొద్దు.

ఇట్లు,
లక్ష్మయ్య

తా.క.: దొరికాక తిట్టవద్దు. ఒంట్లో బాగాలేదేమో చూడు.


మొఘల్‌పురా,
29-6-1988

లక్ష్మయ్య సారుకు అజీజున్నీసా వేయి సలాములు.

గెలిచాం సారూ.

మీ ఉత్తరం శనివారం అందింది. ఆ మధ్యాహ్నమే కూర్చున్నాను. ప్రతిసారీ కరెంటు ఆపి, జ్ఞాపకం దాచే చిప్పుల్లో ఒకదాన్ని మార్చి, మళ్ళీ మీట నొక్కడం. మొదటిది, ఐదువందల పన్నెండు. రెండోది, అంతే. ఆరోదాకా అంతే. అన్వర్ లేచి టీ కోసం పోయాడు. ఏడోదాన్ని మార్చాను. తెర మీద అంకె ఐదువందల పన్నెండు దాటి ఐదువందల డెబ్బై ఆరు దగ్గర ఆగింది. అంటే మీరు చెప్పినట్టే మూడో వరస పూర్తిగా పలికి నాలుగో వరసలో ఆగింది. నా జీవితంలో ఒక తప్పును చూసి అంత సంతోషపడటం అదే మొదలు.

ఆ ఏడోదాన్ని తీసేశాను. ఇక యాకుత్‌పురా స్టేషన్ దగ్గర అస్లాం భాయ్ పాత సామాను దుకాణంలో అన్వర్ వెతగ్గా వెతగ్గా అలాంటిదే ఒకటి దొరికింది. అది పెట్టాక ఆరువందల నలభై. మా అమ్మ గట్టిగా ఏడ్చింది.

నిన్న కంప్యూటర్‌ను, దాని అచ్చుమిషన్‌ను సంఘానికి తీసుకెళ్ళి అందరి ముందూ లిస్టు అచ్చువేశాను. సగంలో ఉండగా కాశమ్మ లేచి, తాను బస్తీ మారానని చెప్పింది. బాబురావు నవ్వుతూ, "ఇగ మళ్ళ మొదటి సంది కొట్టాలె" అన్నాడు. నేను ఒక్క పేరు తీసి వేరేచోట పెట్టాను. మిగతా పేర్లు వాటంతటవే సర్దుకున్నాయి. బాబురావు లేచి వచ్చి కాగితాన్ని కిందికీ పైకీ చూశాడు. ఒక్క తప్పూ దొరకలేదు. ఈ పొద్దున ఆఫీసులో మూడు కాపీలూ తీసుకుని ముద్ర వేశారు. ఇక్బాలున్నీసా ఆ ముద్ర వేసిన కాగితాన్ని గుండెకు హత్తుకుని రిక్షాలో తెచ్చారు.

ఈ గెలుపు మీదే సారూ.

మీ
అజీజున్నీసా

తా.క.: ఒక అనుమానం. మీరు ప్రతి ఉత్తరంలో కంపౌండర్ అని రాస్తున్నారు. ఇది మనిషి కాదు. టీవీలాంటి యంత్రం. పిల్లలు కూడా లేరు.


జనగామ,
3-7-1988

ముద్దుల అజీజున్నీసాకు లీలమ్మ దీవెనలు.

ఈ ఉత్తరం ఎవరూ చెప్పకుండా నేనే రాస్తున్నాను. నిన్న సారు కట్టు విప్పారు. పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని ఆయనే చదివారు. కంప్యూటర్‌ను కంపౌండర్ అని చదివింది నేనే. తప్పు నాదే, ఒప్పుకున్నాను.

ఆ తర్వాత నీ చివరి ఉత్తరం చదివి ఆయన, "మూడో వరస, నాలుగో వరస ఏంది? నేను గిట్ల చెప్పలేదు గదా" అన్నారు. నిజమే. పిల్లలందర్నీ ఇంటికి పంపి, ఆ కంపౌండర్‌కు సెలవిచ్చి, పని బాబురావుకు అప్పగించమని ఆయన చెప్పారు. అది నాకు నచ్చలేదు. మాట ఇచ్చిన ఆడపిల్లవు, నలుగురిలో తల దించుకోవడం ఎందుకని, నాకు తోచింది రాసి ఆయన పేరు పెట్టాను. సారు బడికి వెళ్ళాక ముప్పై ఏళ్ళు మా అరుగు మీద ఆడపిల్లలకు ఎక్కాలు చెప్పించాను. గుంపులో నోరు మెదపని బిడ్డను పట్టుకోవడం అలాగే.

ఇదంతా సారుకు చెప్పేశాను. తర్వాత నీ ఉత్తరం పట్టుకుని వీధిలోకి పోయి, "మా లీలమ్మ పట్నంల మిషన్ బాగుచేసింది" అని కనబడినవాళ్ళందరికీ చదివి వినిపించారు.

పదకొండో తారీఖు సోమవారం మొదటి బస్సుకు వస్తున్నాను. నాకు ఆ యంత్రం నేర్పాలి. వారం రోజులు ఉంటాను.

నీ
లీలమ్మ

తా.క.: సారు కూడా వస్తానంటున్నారు. ఆయన సంగతి వచ్చే నెల చూద్దాం. ముందు నన్ను నేర్చుకోనీ.